కూత పెట్టని డిటెక్టరు

2006 అక్టోబరు 14, శనివారం. ఉదయం తొమ్మిదీ నలభై. నోవై, మిషిగన్. మబ్బుగా ఉంది, వాన లేదు.

హాజరైనవారు: డాక్టర్ రాఘవరావు గారు, డ్రైవరు సీటులో. గ్లెన్, మా కంపెనీలో నా పై అధికారి, ఆయన పక్కన. వసుంధర గారు, డాక్టరు గారి భార్య, వెనక సీటులో ఎడమవైపు. నేను, వెనక కుడివైపు, నోట్‌బుక్కుతో. డాష్‌బోర్డు మీద మా కంపెనీ కొత్తగా తయారు చేస్తున్న రాడార్ డిటెక్టరు ఒకటి. దాని ముందు ఇత్తడి వినాయకుడు ఒకరు. వినాయకుణ్ణి హాజరైనవారిలో రాయాలా, సామగ్రిలో రాయాలా అని కాసేపు తటపటాయించి విడిగా రాశాను.

నా డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. నేను పదకొండేళ్లు రాడార్ డిటెక్టర్లను పరీక్షించే ఉద్యోగం చేసి 2012లో రిటైరయ్యాను. టెస్టింగ్ ఉద్యోగాల్లో కొత్తగా చేరుతున్న మన పిల్లలు కనిపించినప్పుడల్లా "అంకుల్, ఏమైనా టిప్స్ చెప్పండి" అంటారు. నా దగ్గర టిప్స్ లేవు, డైరీలున్నాయి. పదకొండేళ్లలో నేను నేర్చుకున్నదాంట్లో ముప్పాతిక భాగం ఆ శనివారం ఉదయం నేర్చుకున్నదే. ఆ కారు ఎక్కే ముందు కొంచెం వెనక్కి వెళ్లాలి.

అసలు ఆ ఉద్యోగం ఏమిటి

పోలీసువాడి రాడార్ రోడ్డు మీదికి రేడియో తరంగాలు పంపుతుంది. అవి మన కారుకి తగిలి తిరిగి వెళ్తే, వాటిని బట్టి మన వేగం ఎంతో వాడికి తెలుస్తుంది. డిటెక్టరు అనేది ఆ తరంగాలను వినే చిన్న రేడియో. వినగానే కూత పెడుతుంది. మనం బ్రేకు మీద కాలు వేస్తాం. ఇంతే.

వినడం కష్టం కాదు. ఏది వినకూడదో తెలియడమే కష్టం. కిరాణా షాపు ముందు మనిషి రాగానే వాటంతటవే తెరుచుకునే తలుపులు ఉంటాయి కదా, వాటిలోనూ అలాంటి తరంగాలే ఉంటాయి. మందుల షాపు తలుపు, బ్యాంకు తలుపు, అన్నీ డిటెక్టరుకి పోలీసుల్లాగే వినిపిస్తాయి. ఊళ్లోకి వెళ్లామంటే చాలు, అది ఆగకుండా అరుస్తుంది. వాటిని మేము తప్పుడు కూతలు అనేవాళ్లం. వాటిని లెక్కపెట్టడమే నా ఉద్యోగం.

మా ఇంటికి వచ్చిన చుట్టాలు "అన్నయ్యగారు ఏం చేస్తారు?" అని అడిగితే మా ఆవిడ "రాడార్లలో" అని చెప్పేది. వాళ్లు మిలిటరీ అనుకుని గొంతు తగ్గించేవారు. మైక్రోవేవ్ ఇంజనీరింగులో ఎం.టెక్. చేసిన నేను సరిగ్గా ఆ సమయానికి ఏ కూరగాయల షాపు తలుపు ఎదురుగానో కారు ఆపుకుని, లోపలికి వెళ్లేవాళ్లనీ బయటికి వచ్చేవాళ్లనీ చూస్తూ గీతలు గీసుకుంటూ ఉండేవాణ్ణి. ఒకసారి షాపు మేనేజరు వచ్చి, ఎవరి కోసం చూస్తున్నారని అడిగాడు. తలుపు కోసం అన్నాను. అతను వెనక్కి వెళ్లి ఎవరికో ఫోన్ చేశాడు. నేను వేరే షాపుకి మారాను.

గ్లెన్ భారీ మనిషి. తిండి, మాట, అడుగు, అన్నీ నిదానం. ఆయన నాకు నేర్పిన మొదటి పాఠం, చేరిన రోజే, కస్టమర్లు తిప్పి పంపిన పెట్టెలు పేర్చిన గదిలో. "ఇందులో ఉత్తరాలన్నీ చదువు. రెండు వారాలు వేరే పని లేదు" అన్నాడు.

చదివాను. డిటెక్టరు ఉన్నా అతివేగానికి జరిమానా టికెట్ వచ్చిందని తిప్పి పంపినవాళ్లు దాదాపు లేరు. అరుపులు భరించలేక పంపినవాళ్లే అందరూ. "టికెట్ వస్తే మనిషి తన ఖర్మ అనుకుంటాడు. ఊరికే అరిస్తే మాత్రం మనల్ని తిట్టుకుంటాడు" అనేవాడు గ్లెన్. ఒకాయన రాసిన ఉత్తరం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆయన డిటెక్టరు సరిగ్గా అత్తగారి వీధి మొదట్లోనే అరుస్తుందట. నేను వెళ్లి చూస్తే ఆ మలుపులో మందుల షాపు ఉంది. దాన్ని పట్టించుకోకుండా సరిచేసి పంపుతామని ఫోన్ చేస్తే, ఆయన కంగారుపడి "వద్దు వద్దు, అది ఒక్కటీ అలాగే ఉంచండి" అన్నాడు.

డాక్టరు గారి మూడు టికెట్లు

రాఘవరావు గారు మత్తు డాక్టరు. పగలంతా హాస్పిటల్లో జనాన్ని నిద్రపుచ్చి, సాయంత్రం ఆయన కారు నడిపితే ఎక్కినవాళ్లకి కునుకు కూడా పట్టేది కాదు. అప్పటికి అరవై మూడేళ్లు. డెబ్భై మైళ్లు దాటకూడని హైవే మీద ఎనభై అయిదు ఆయనకు మామూలు వేగం. ఆ ఏడాది వసంతం నుంచి ఆగస్టులోపు మూడు టికెట్లు వచ్చాయి.

ఆగస్టులో ఒక ఆదివారం వాళ్లిద్దరూ మా ఇంటికి భోజనానికి వచ్చారు. పెరుగన్నం దగ్గర వసుంధర గారు చాలా మామూలుగా ప్రకటించారు.

"అన్నయ్యగారూ, మీరు సాక్షి. ఈయనకి ఇంకొక్క టికెట్ వచ్చిందంటే కారు తాళాలు నావి. ఏడాదిపాటు నేనే నడుపుతాను. ఈయన పక్కన కూర్చోవాలి. హాస్పిటల్‌కి కూడా."

డాక్టరు గారి చేతిలో ముద్ద ఆగిపోయింది.

ఆయన భయం ఎంతటిదో తెలియాలంటే వసుంధర గారి డ్రైవింగు చూసి ఉండాలి. ఆవిడ గ్రీన్ లైటు చూసి బ్రేకు వేసేవారు, ఎల్లో అవుతుందేమోనని. నిలిపి ఉన్న స్కూల్ బస్సు ఖాళీగా ఉన్నా దాని వెనక ఆగేవారు. ఎడమవైపు తిరగాల్సి వస్తే మూడు సార్లు కుడివైపు తిరిగి వచ్చేవారు. ఆవిడ కారు వెనక ఎప్పుడూ పెళ్లి ఊరేగింపంత వరస ఉండేది.

చేయి కడుక్కునే దగ్గర డాక్టరు గారు నన్ను పట్టుకున్నారు. "ఏవయ్యా సుబ్బారావూ, నువ్వు చేసే ఆ డబ్బా ఒకటి నాకు పెట్టు. అర్జెంటు."

"మెల్లగా నడిపితే సరిపోతుంది కదండీ?"

"నేను నిన్ను సలహా అడగలేదు. డబ్బా అడిగాను."

ఆయనకు నేను చెప్పింది

డిటెక్టరు కొనాలనుకునే ఎవరికైనా చెప్పే మాటలే ఆయనకీ చెప్పాను. ఇప్పటికీ ఇవే చెబుతాను.

అంగట్లో అన్నిటికంటే చవకది కొనకండి. అది పోలీసుని పట్టుకోదు సరికదా, తనే తరంగాలు వదిలి పక్క కార్లలో ఉన్న డిటెక్టర్లను అరిపిస్తుంది. అన్నిటికంటే ఖరీదైనదీ అక్కర్లేదు. డబ్బా మీద లేజర్ అని పెద్దక్షరాలతో ఉంటే పొంగిపోకండి. లేజర్ తగిలి అది కూత పెట్టే సరికి పోలీసువాడు మీ వేగం రాసుకోవడం కూడా అయిపోతుంది. ఊళ్లో సిటీ మోడ్, బయట హైవే మోడ్. కొన్నది ఏదైనా మొదటి నెల మీ రోజువారీ దారిలోనే నడిపి, అది ఎక్కడెక్కడ ఊరికే అరుస్తుందో చూసుకోండి. వర్జీనియాకి వెళ్తే తీసి డిక్కీలో కాదు, ఇంట్లో పెట్టి వెళ్లండి, అక్కడ చట్టం ఒప్పుకోదు. నది దాటి కెనడాలో ఒంటారియోకి వెళ్లినా అంతే.

అన్నిటికంటే ముఖ్యం, ఎక్కడ పెట్టారన్నది. ముందు అద్దానికి పైన, వెనక చూసే అద్దం పక్కన, రోడ్డు వైపు సూటిగా, అడ్డం లేకుండా. దాని ముందు వైపరు ఉండకూడదు, రంగు ఫిల్మ్ ఉండకూడదు. తరంగం లోహంలోంచి రాదు.

"చివరిగా ఒకటండీ" అన్నాను. "కొందరు పోలీసులు రాడార్ ఆపేసి కూర్చుని, మీరు దగ్గరికొచ్చాక ఒక్కసారి నొక్కుతారు. అప్పుడు ఇది చేయగలిగింది ఏమీ ఉండదు. ఇది కూత పెట్టకపోతే దారిలో పోలీసు లేడని అర్థం కాదు."

ఆయన తల ఊపారు. ఆపరేషనుకి ముందు పేషెంటు తల ఊపినట్టు.

ఆ సమయానికి మా కంపెనీలో కొత్త డిటెక్టరు పరీక్షలో ఉంది. తప్పుడు కూతలు తగ్గించే ఏర్పాటు అందులో ప్రత్యేకం. దానికి పది రకాల సెట్టింగులు చేసి, పది కార్లలో పెట్టి, ఆరు వారాలు చూడాలని నా పథకం. తొమ్మిది కార్లు అప్పటికే తెలిసినవాళ్లవి కుదిరాయి. పదోది డాక్టరు గారిదయింది. నేనే వెళ్లి, అద్దానికి పైన, ఇంతకు ముందు చెప్పిన చోటనే బిగించాను. సెట్టింగు నంబరు ఏడు.

ఆరు వారాల సున్నాలు

స్వచ్ఛందంగా పని చేసేవాళ్ల నుంచి లెక్కలు రాబట్టడం ఎంత కష్టమో మీకు త్వరలోనే తెలుస్తుంది. ప్రతి కారులో ఒక ఫారం పెట్టాను. తేదీ, సమయం, చోటు, కూత, నిజమా తప్పా, అంతే. ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు ప్రతిరోజూ "బాగుంది" అని రాశాడు. ఒకావిడ మూడో రోజుకే డిటెక్టరు తీగ పీకేసి అక్కడ ఫోన్ ఛార్జరు పెట్టుకుని, ఫారం మాత్రం నిజాయితీగా నింపింది, కూతలు లేవని. ఇంకొకాయన ఫారం మీద పాల డబ్బాల లిస్టు రాసుకుని షాపులో వదిలేసి వచ్చాడు.

డాక్టరు గారి ఫారాలు చూస్తే ప్రాణం లేచి వచ్చేది. ఆపరేషను జరుగుతుండగా ఐదు నిమిషాలకొకసారి నాడి, రక్తపోటు రాసే అలవాటున్న చేయి. నిలువు గళ్లు స్కేలుతో గీసినట్టు. బయల్దేరిన సమయం, చేరిన సమయం, దాటిన షాపులు, వాన పడిందా లేదా. కూతల గడిలో సున్నా. మర్నాడు సున్నా. వారమంతా సున్నా. కిరాణా షాపు ముందు సున్నా, మందుల షాపు ముందు సున్నా. ఆరు వారాలు, రోజుకి రెండు ప్రయాణాలు, అన్నీ గుండ్రటి, అందమైన సున్నాలు.

నలభై ఏళ్లుగా డైరీ రాస్తున్నవాణ్ణి. అంత శుభ్రంగా రాసేవాడు అబద్ధం చెప్పడని నాకొక నమ్మకం. ఆయన అబద్ధం చెప్పలేదు కూడా. ప్రతి సున్నా నిజమే. నేను చేసిన తప్పు వేరే. చెత్త లెక్క వస్తే పదిసార్లు సరిచూసేవాణ్ణి, మంచి లెక్క వచ్చేసరికి ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు. సెట్టింగు నంబరు ఏడు అద్భుతమని రిపోర్టు రాసి గ్లెన్ బల్ల మీద పెట్టాను.

ఈ లోపల డాక్టరు గారు కూడా తన రిపోర్టు తను రాసుకున్నారు. డిటెక్టరు మౌనంగా ఉంది కాబట్టి దారిలో పోలీసు లేడు, లేడు కాబట్టి ఎనభై అయిదు. ఆ ఆరు వారాలూ టికెట్ రాకపోవడం కేవలం ఆయన అదృష్టమని తర్వాత తేలింది.

గ్లెన్ రిపోర్టు చదివి, "సోమవారం ఏడో నంబరు ఖాయం చేసేద్దాం. దానికి ముందు ఆ కారులో ఒకసారి తిరిగి వద్దాం" అన్నాడు. అలా వచ్చింది ఆ శనివారం.

శనివారం

డాక్టరు గారి ఇంటి ముందు కారెక్కగానే చూశాను. నేను అద్దానికి పైన బిగించిన డిటెక్టరు కిందికి, డాష్‌బోర్డు మీదికి వచ్చింది. దాని ముందు, ముఖానికి ముఖం ఆనించినట్టు, జానెడు ఇత్తడి వినాయకుడు. వెనక విప్పిన విసనకర్రంత మకరతోరణం, అది కూడా ఇత్తడే.

"పైనుంటే వెనక అద్దం కనబడట్లేదని, నువ్వు బిగించిన రోజే వసూ కిందికి దింపించింది" అన్నారు డాక్టరు గారు.

"కొత్త వస్తువు కదా అన్నయ్యగారూ. దేవుడి ముందుండాలి కదా" అన్నారు వసుంధర గారు.

ఇప్పుడు దయచేసి జాగ్రత్తగా వినండి. మైక్రోవేవ్ ఇంజనీరింగులో ఎం.టెక్. చేసి, ముప్ఫై ఏళ్ల అనుభవం ఉండి, తరంగం లోహంలోంచి రాదని ఊరందరికీ చెప్పే నేను, యాంటెన్నా ముందు నిలబెట్టిన ఇత్తడి పలకను చూసి ఏం చేశాను? కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకున్నాను. కళ్లు తెరిచి నోట్‌బుక్కులో రాసుకుని సీటు బెల్టు పెట్టుకున్నాను.

"ఈ చిన్నాయన ఎవరు?" అని గ్లెన్ అడిగాడు.

"అడ్డంకులు తొలగించే దేవుడు" అన్నారు డాక్టరు గారు.

"మంచిదే. రానివ్వండి" అన్నాడు గ్లెన్.

ఊళ్లో నాలుగు షాపుల ముందు తిరిగాం. కూత లేదు. గ్లెన్ మందుల షాపు ముందు కారు ఆపించి, తనే దిగి, తలుపు ముందు అటూ ఇటూ నాలుగుసార్లు నడిచాడు. ఆ భారీ మనిషికి తలుపు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. డిటెక్టరు మౌనం. కారెక్కి నా వైపు తిరిగి, "నా ఇరవై ఏళ్ల సర్వీసులో ఇలాంటిది చూడలేదు" అన్నాడు. ఆ మాట నోట్‌బుక్కులో రాసుకుని కింద రెండు గీతలు గీశాను.

"ఇక హైవే మీద చూపిస్తాను" అన్నారు డాక్టరు గారు.

"ఏవండీ, డెబ్భై" అన్నారు వసుంధర గారు.

"టెస్టింగ్ వసూ. కంపెనీ పని."

ఐ-96 ఎక్కాం. డెబ్భై అయిదు, ఎనభై, ఎనభై నాలుగు. ముందున్న నాలుగైదు కార్లు ఏమీ లేనిచోట ఒకదాని తర్వాత ఒకటి బ్రేకులు వేసి కుడివైపుకి తప్పుకున్నాయి. "చూశారా, జనం దారి ఇస్తున్నారు" అన్నారు డాక్టరు గారు. ఒక వంతెన దాటాం. వెనకనుంచి ఎర్రటి, నీలం దీపాలు వెలిగాయి.

వసుంధర గారు చేతి సంచి జిప్పు తీసి, కళ్లజోడు బయటికి తీసి, తుడుచుకోవడం మొదలుపెట్టారు. అవి ఆవిడ డ్రైవింగు కళ్లజోడని నాకు తెలుసు.

పోలీసాయన ఎత్తుగా, మర్యాదగా ఉన్నాడు. లైసెన్సు తీసుకుని, డాష్‌బోర్డు వైపు చూశాడు.

"సర్, అది ఆన్‌లోనే ఉందా?"

"ఉంది ఆఫీసర్. చాలా మంచి డిటెక్టరు" అన్నారు డాక్టరు గారు.

"నేను పొద్దున్నుంచి ఆ వంతెన పక్కనే రాడార్ ఆపకుండా నడుపుతున్నాను. మీ ముందువాళ్లు నన్ను చూడకుండానే బ్రేకులు వేశారు. మీదీ మైలు దూరం నుంచే గోల చేయాలే." ఆయన వంగి అద్దంలోంచి లోపలికి చూశాడు. "ఆ బొమ్మ లోహమా?"

"ఇత్తడి. మా దేవుడు."

పోలీసాయన వెంటనే టోపీ సర్దుకున్నాడు. "తప్పుగా అనుకోకండి సర్. కానీ ఆయన సరిగ్గా దాని ముఖానికి అడ్డంగా ఉన్నారు. అది రేడియో కదా. ఇత్తడి అవతల ఏముందో దానికెలా తెలుస్తుంది?"

కారులో ఇద్దరు మైక్రోవేవ్ ఇంజనీర్లం ఉన్నాం. నేను కిటికీలోంచి మొక్కజొన్న చేలు చూశాను. మా ఇద్దరి మెడలో ఉన్న ఐడీ కార్డులు చూసి కాబోలు, ఆయన "మీరిద్దరూ ఏం చేస్తారు?" అని మామూలుగా అడిగాడు.

గ్లెన్ కార్డు చొక్కా లోపలికి దోపుకుంటూ, "ఫర్నిచర్" అన్నాడు.

గ్లెన్ అడిగిన ప్రశ్న

టికెట్ అందింది. మొదటి ఎగ్జిట్ దగ్గర హైవే దిగి, పెట్రోలు పోసే గ్యాస్ స్టేషన్లో కారు ఆపారు. వసుంధర గారు వెనకనుంచి చేయి ముందుకు చాపారు.

"తాళాలు."

"వసూ, ఇది నా తప్పు కాదు. సైంటిఫిక్ ఎర్రర్. సుబ్బారావుని అడుగు."

"నన్నెందుకు లాగుతారండీ" అన్నాను.

"తాళాలు."

"సరే, నీకు టికెట్ వస్తే మాత్రం తాళాలు మళ్లీ నావి. అది న్యాయం."

"నాకెందుకొస్తుందండీ టికెట్?" అని ఆవిడ తాళాలు తీసుకున్నారు.

గ్లెన్ వెనక్కి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. అంతకు ముందు, అనుమతి అడిగి, వినాయకుణ్ణి రెండు చేతులతో ఎత్తి డాష్‌బోర్డు రెండో చివర కూర్చోబెట్టాడు. ఆయన చేతులు తీశాడో లేదో డిటెక్టరు గ్యాస్ స్టేషన్ తలుపును చూసి కేక పెట్టింది. అక్కణ్ణుంచి మందుల షాపు ముందు, బ్యాంకు ముందు, కూరగాయల షాపు ముందు, మళ్లీ ఇంకో మందుల షాపు ముందు. ఇంటికి చేరేలోపు పందొమ్మిది కూతలు, అన్నీ తప్పువే. నంబరు ఏడు మా పది సెట్టింగుల్లో అన్నిటికంటే గోల చేసేదని తర్వాత తేలింది.

"ఆపెయ్ వసూ దాన్ని!" అన్నారు డాక్టరు గారు.

"ఉండనివ్వండి. పాపం దానికి ఇవాళే నోరొచ్చింది" అన్నారు ఆవిడ, గంటకి ఇరవై రెండు మైళ్ల వేగంతో.

గ్లెన్ అరుస్తాడేమో, అరిస్తే బాగుండునేమో అనిపించింది. చివరికి అడిగాడు.

"ఆరు వారాల్లో ఈ కారులో ఎన్నిసార్లు కూర్చున్నావు?"

"సున్నా."

"అది కూడా రాసుకో."

రాసుకున్నాను. ఆ పేజీలో అది ఒక్కటే సరైన లెక్క. నా పై అధికారుల్లో అరిచినవాళ్లు ఏం చెప్పారో ఒక్కటీ గుర్తు లేదు. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకి నేను చెప్పగలిగింది ఇదే. ఎవరో రాసి పంపిన కాగితం ఎంత చక్కగా ఉన్నా సరే, వెళ్లి ఆ కారులో కూర్చోండి. ముఖ్యంగా లెక్క మీకు నచ్చినప్పుడు.

మర్నాడు ఉదయం

గ్లెన్ చెప్పినట్టే చేయాలని ఆదివారం పొద్దున్నే డాక్టరు గారింటికి వెళ్లాను. ఆయనకు ఎనిమిదింటికి డ్యూటీ. హాస్పిటల్ ఇరవై ఐదు నిమిషాల దూరం. వసుంధర గారు ఆరూ నలభైకే కారు స్టార్ట్ చేసి కూర్చున్నారు. డాక్టరు గారు ఇంకా లోపల బూట్లు వేసుకుంటున్నారు.

నేను డిటెక్టరుని మళ్లీ పైన బిగిస్తూ, "ఆ తోరణం సరిగ్గా యాంటెన్నాకే అడ్డం వచ్చిందమ్మా. ఒక అంగుళం అటూ ఇటూ ఉన్నా కొంచెం వినేది. ఏం యాదృచ్ఛికమో" అన్నాను.

ఆవిడ నా వైపు తిరిగారు. "యాదృచ్ఛికం ఏమిటి అన్నయ్యగారూ? పెళ్లికి ముందు గుంటూరులో ఆరేళ్లు ఇంటర్‌కి ఫిజిక్స్ చెప్పాను. ఒక అంగుళం కుడికి జరిపి చూశాను, ఎడమకి జరిపి చూశాను. ఎక్కడ పెడితే నోరు మూస్తుందో అక్కడ పెట్టాను."

నేను స్క్రూడ్రైవరు కింద పెట్టాను.

"ఎందుకమ్మా?"

"ఆ డబ్బా వచ్చాక ఆయనకి ఉన్న కాస్త భయం కూడా పోతుందనిపించింది. మూగదైతే పోలీసుకి త్వరగా దొరుకుతారని. నవంబరులో మంచు పడుతుంది కదా. మంచు పడకముందే దొరకాలి అనుకున్నాను. ప్రమాదం దాకా రాకుండా టికెట్టుతో పోయింది." సీటు బెల్టు సర్దుకుంటూ అన్నారు, "మీకు చెప్దామనే అనుకున్నాను. మీరు ఒక్కసారి కారెక్కితే చెప్పేదాన్ని."

డాక్టరు గారు వచ్చి పక్క సీటులో కూర్చున్నారు. నేను వెనక కూర్చున్నాను. ఈ సంగతి ఆయనకు చెప్పలేదు. ఇప్పుడు చదివి తెలుసుకుంటారు.

హైవే ఎక్కాం. నలభై రెండు మైళ్లు. లారీలు మమ్మల్ని దాటుతూ హారన్లు కొట్టాయి. డాక్టరు గారు పైనున్న పిడి పట్టుకుని, లేని బ్రేకు మీద కాదు, లేని యాక్సిలరేటరు మీద కాలు వేసి తొక్కుతున్నారు.

ఉన్నట్టుండి డిటెక్టరు గట్టిగా, స్పష్టంగా కూత పెట్టింది. కిరాణా తలుపు కూత కాదు. నిజమైన పోలీసు రాడార్, మైలు దూరం నుంచి. ఏడు వారాలకు అది ఆ కారులో పట్టుకున్న మొదటి పోలీసు. నాకు ఒళ్లు పులకరించింది.

"అది ఏమంటోంది అన్నయ్యగారూ?"

"ముందు పోలీసున్నాడంటోందమ్మా!"

"అయ్యబాబోయ్" అని ఆవిడ బ్రేకు వేసి ముప్ఫైకి తగ్గించారు.

వంతెన దాటగానే ఎర్రటి, నీలం దీపాలు వెలిగాయి. నిన్నటి పోలీసాయనే. కిటికీ దగ్గరికి వచ్చి, మా ముఖాలు ఒక్కొక్కటే చూసి, ఊపిరి తీసుకున్నాడు.

"మేడమ్, హైవే మీద ఇంత నెమ్మదిగా వెళ్లకూడదు. వెనకవాళ్లకి ప్రమాదం. మీ వెనక పధ్నాలుగు కార్లున్నాయి."

డాక్టరు గారి ముఖం వెలిగిపోయింది. సీటు బెల్టు సాగేంతవరకు ముందుకు వంగారు. "కరెక్ట్ ఆఫీసర్! చాలా ప్రమాదం! టికెట్ రాయండి!"

"సర్, ఈసారికి చెప్పి వదిలేద్దామని..."

"వదలొద్దు! చట్టం చట్టమే. నిన్న నాకు రాశారు కదా, ఇవాళ ఈవిడకీ రాయాలి. ప్లీజ్ ఆఫీసర్, ఒక్కటే ఒక్కటి."

ఆయన సర్వీసులో టికెట్ కోసం బతిమాలిన మనిషి అదే మొదటివాడనుకుంటాను. వంగి వసుంధర గారిని అడిగాడు.

"ఈయన మీ భర్తా?"

"అవునండీ. నిన్నటిదాకా ఈయనే నడిపేవారు."

పోలీసాయన రాద్దామని తెరిచిన పుస్తకం మూసేశాడు. "జాగ్రత్తగా వెళ్లి రండి మేడమ్. ఒక్క పదిహేను మైళ్లు పెంచండి, చాలు" అన్నాడు. ఆవిడ నలభై అయిదుకి పెంచారు. ఆయన చాలాదూరం దీపాలు వెలిగించుకుని మా వెనకే కాపలాగా వచ్చాడు.

ఎనిమిదింటికి ఇంకా ఆరు నిమిషాలు ఉండగానే హాస్పిటల్ చేరాం. డాక్టరు గారు దిగి, తలుపు నెమ్మదిగా వేశారు. కిటికీలోంచి తల లోపలికి పెట్టారు.

"సాయంత్రం ఐదింటికి రా, వసూ."

"మూడున్నరకే బయల్దేరతానండీ" అన్నారు ఆవిడ.